రక్తము చెప్పు సాక్ష్యము



అన్నకోశమున రాచపుండు పుట్టినదని వైద్యుడు చెప్పిన నాడు ఆ యింటివారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "ఎంతకాలము బ్రతుకును?" ఈ ప్రశ్న నన్ను పట్టణములో అడిగిరి, పల్లెలో అడిగిరి. రోగి వినకుండ వసారాలోనికి పిలిచి యడిగిరి. ఇటీవల ఈ ప్రశ్నతో పాటు చేతిలో నొక కాగితము గూడ తెచ్చుచున్నారు. అది రక్తపరీక్ష కాగితము. దానినిండ అంకెలు. రెండు మూడు అంకెల క్రింద ఎఱ్ఱగీత గీసియుండును. "ఈ అంకె హెచ్చుగా నున్నదట. ఇక లాభము లేదట. నిజమేనా?" అని యడుగుదురు.

ఆ కాగితమును ఎట్లు చదువవలెనో, అది చెప్పగలిగిన దేమో, చెప్పజాలని దేమో నేడు మీకు విన్నవింపదలచితిని. ఊరిలో పదిమంది మీ మాట వినువారు. పొలమమ్మి చికిత్స చేయింపవలెనా, ముసలివానిని ఇంటికి తీసికొనిపోవలెనా యని తేల్చుకొనలేక మీ అరుగుమీదికి వచ్చువారు కలరు. కావున ఈ సంగతి వైద్యునికెంత యవసరమో మీకును అంతయే యవసరము.

మొదట రోగమును గూర్చి నాలుగు మాటలు. మనము తిన్న అన్నము గొంతు దిగి చేరు సంచికి అన్నకోశమని పేరు, జీర్ణాశయమనియు నందురు. దాని లోపలి పొరలోని కణములు అదుపు తప్పి పెరుగుటయే ఈ రాచపుండు. కొందఱు పుట్టకురుపందురు, ఇప్పుడు చిన్నపిల్లల నోటను క్యాన్సరను మాటయే వినవచ్చుచున్నది. 2022వ సంవత్సరమున లోకమంతటను ఇంచుమించు 9,68,000 మందికి ఈ రోగము క్రొత్తగా కనబడెననియు, 6,60,000 మంది దీనివలన మృతినొందిరనియు అంతర్జాతీయ లెక్కలు తెలుపుచున్నవి. జపాను, కొరియా, చైనా దేశములలో నిది మెండు. మనదేశమున మిజోరాములో మిక్కిలి హెచ్చు.

దీనికి ముఖ్యకారణములలో నొకటి ఒక సూక్ష్మజీవి. 1982లో ఆస్ట్రేలియా దేశపు పెర్తు నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులిద్దఱు అన్నకోశపు పొరలో కాపురముండు హెలికోబాక్టర్ పైలొరి యను క్రిమిని బయటపెట్టిరి. 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని రాచపుండు కారకముల పట్టికలో జేర్చెను. 2005లో ఆ వైద్యులకు నోబెలు బహుమానము లభించెను. ఈ క్రిమి కడుపులో నున్నవారందఱికిని రాచపుండు రాదు, కొద్దిమందికే వచ్చును. ఉప్పులో నిలువచేసిన పదార్థములను మిక్కుటముగ తినుట, పొగాకు వాడుట దీనికి తోడగుచున్నవి.

ఇక చికిత్స. 1881వ సంవత్సరము జనవరి 29వ తేదీన వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు ఒక స్త్రీకి అన్నకోశములో రాచపుండు పట్టిన భాగమును కోసివేసి, మిగిలిన భాగమును ప్రేగునకు కుట్టెను. ఆమె కోలుకొని ఇంటికి పోయెను. వైద్యలోకము సంతోషించెను. కాని కొన్ని నెలలకే రోగము తిరుగబెట్టి ఆమె మరణించెను. శస్త్రము గెలిచినది, రోగము మరలినది. ఎవరికి మరలును? ఎవరికి మరలదు? నాటినుండి నేటివఱకు వైద్యుల ముందున్న ప్రశ్న ఇదియే.

దీనికి మొదటి సమాధానము రోగమెంత ముదిరినదో చూచుట. పుండు గోడలో నెంతలోతు దిగినది, ప్రక్కనున్న గ్రంథులకు ప్రాకినదా, కాలేయమునకో పొట్టలోని పొరకో వ్యాపించినదా యని చూచి నాలుగు దశలుగ విభజింతురు. మొదటిదశలో పట్టుబడి శస్త్రచికిత్స పొందినవారిలో అధికసంఖ్యాకులు బ్రతికి బట్టకట్టుదురు. నాల్గవదశలో నున్నవారికి ఆశ తక్కువ. నేటికిని ఈ దశానిర్ణయమే ప్రధానము. దీనిని త్రోసివేయగల రక్తపరీక్ష ఇంతవఱకు పుట్టలేదు. ఈ మాట గట్టిగ జ్ఞాపకముంచుకొనుడు.

అయినను ఒకే దశలోనున్న యిద్దఱు రోగులు, ఒకే వైద్యుని చేతిలో, ఒకే చికిత్స పొంది, ఒకడు పదేండ్లు బ్రతుకుచున్నాడు, ఒకడు సంవత్సరము దాటకున్నాడు. ఏల? 1889లో లండను వైద్యుడు స్టీఫెన్ పేజెట్ దీనికొక ఉపమానము చెప్పెను. రాచపుండు కణము విత్తనము వంటిది, శరీరము నేలవంటిది. విత్తనము నలుదిక్కుల జల్లబడినను తనకు తగిన నేలలోనే మొలచును అని ఆయన వాదము. సేద్యము చేయు మీకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కఱలేదు. దశానిర్ణయము విత్తనమును గూర్చి చెప్పును. నేలను గూర్చి చెప్పువా రెవరు? ఆ పనికి పిలువబడిన సాక్షియే రక్తము.

రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్లెట్లు అను చిన్న తునుకలు కలవు. తెల్లకణములలో అనేక జాతులున్నను మనకు కావలసినవి రెండు. న్యూట్రోఫిలులు మొదటివి. ఊరిలో నిప్పంటుకొన్నప్పుడు కుండలతో పరుగెత్తివచ్చు జనమువంటి వివి. గాయమైనను, చీము పట్టినను, వాపు వచ్చినను ముందుగా వచ్చి పడును. లింఫోసైటులు రెండవవి. ఇవి ఊరి తలారులవంటివి. తనవారెవరో పరాయివారెవరో ముఖము చూచి గుర్తుపట్టును. రాచపుండు కణములను పసికట్టి చంపు పని ముఖ్యముగ వీనిదే.

రాచపుండు చుట్టును ఎప్పుడును ఒక విధమైన వాపు రగులుచుండును. 1863లోనే జర్మను పండితుడు విర్కో రాచపుండు కండలో తెల్లకణములు గుమిగూడియుండుట చూచి, వాపునకును ఈ రోగమునకును సంబంధము కలదని చెప్పెను. ఇప్పుడు మనకు దాని తీరు తెలిసినది. పుండునుండి కొన్ని రసాయనద్రవ్యములు రక్తములోనికి పోయి, ఎముకల మజ్జను తొందరపెట్టి న్యూట్రోఫిలులను ఎక్కువగా పుట్టించును. ఆ న్యూట్రోఫిలులు పుండును ఆర్పుటకు మారుగా కొన్ని సమయములందు దానికి క్రొత్త రక్తనాళములు మొలచుటకు తోడ్పడును. నిప్పార్పవచ్చిన గుంపులో కొందఱు ఇంటిలోని సామానులు మోసికొనిపోయినట్లు! అదే సమయమున లింఫోసైటులు తగ్గిపోవును. అనగా అనవసరపు గుంపు పెరిగినది, కావలివారు తగ్గినారు.

కావున వైద్యులు ఈ రెండింటి నిష్పత్తిని చూడ నారంభించిరి. దీనికై ప్రత్యేకముగ ఖర్చుపెట్టవలసిన పనిలేదు. ఏ చిన్న పట్టణములోనైనను చేయు సి.బి.పి. యను మామూలు రక్తపరీక్ష కాగితములోనే ఈ రెండంకెలు నూటికిన్ని యని వ్రాసియుండును. న్యూట్రోఫిలులు 60, లింఫోసైటులు 30 అయినచో నిష్పత్తి 2. న్యూట్రోఫిలులు 75, లింఫోసైటులు 15 అయినచో నిష్పత్తి 5. ఆరోగ్యవంతులలో నిది తఱచుగ 1 మొదలు 3 వఱకు నుండును. 2007లో జపాను వైద్యులు ముదిరిన అన్నకోశపు రాచపుండుతో మందులు పుచ్చుకొనుచున్న రోగులను పరిశీలించి, చికిత్సకు ముందు ఈ నిష్పత్తి 2.5కు మించినవారు మొత్తముమీద తక్కువకాలము జీవించిరని ప్రకటించిరి. తరువాత అనేక దేశములవారు ఇటువంటి ఫలితములనే చూచిరి. కాని హద్దుగీత మాత్రము ఒక్కొక్కరిది ఒక్కొక్కచోట నున్నది. ఒకరు 2 అందురు, ఒకరు 3 అందురు, మఱియొకరు 5 అందురు. ఒక గ్రామపు కుంచము మఱియొక గ్రామపు కుంచముతో సరిపోనట్లే యిది. ప్లేట్లెట్లను లింఫోసైటులతో భాగించు లెక్కయు ఒకటి కలదు. దాని భావమును ఇదే.

రెండవ సాక్షి కాలేయమునుండి వచ్చును. కాలేయము ఆల్బ్యుమిను అను మాంసకృత్తును తయారుచేసి రక్తములోనికి పంపును. డెసిలీటరు రక్తరసములో నిది 3.5 గ్రాములకు తగ్గకుండుట మేలు. అన్నకోశపు రాచపుండు రోగి కడుపునిండ తినలేడు. రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండును. పైగా శరీరములో వాపు రగులుచున్నంతకాలము కాలేయము ఆల్బ్యుమినును తగ్గించి వేఱు పదార్థములను తయారుచేయును. గాదెలోని ధాన్యము తీసి కోటగోడ కట్టు కూలీలకు కొలిచిపెట్టినట్లు. ఆ వేఱు పదార్థములలో ముఖ్యమైనది సి.ఆర్.పి. 1930లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనువారు ఊపిరితిత్తుల వాపు రోగుల రక్తములో దీనిని కనుగొనిరి.

స్కాట్లండులోని గ్లాస్గో నగర వైద్యులు ఈ రెండింటిని జతచేసి 2003లో ఒక సులభమైన లెక్క కట్టిరి. సి.ఆర్.పి. లీటరునకు 10 మిల్లీగ్రాములకు మించినచో ఒక గుర్తు; ఆల్బ్యుమిను 3.5కు తగ్గినచో ఒక గుర్తు. ఏ గుర్తును లేనివారు సున్న, ఒకటి యున్నవారు ఒకటి, రెండు నున్నవారు రెండు. మొదట ఊపిరితిత్తుల రాచపుండు రోగులలో దీనిని పరీక్షించిరి. తరువాత అన్నకోశపు రోగులలోను చూచిరి. రెండు గుర్తులున్నవారి స్థితి బలహీనమని తేలెను.

అంతకు ముందే, 1984లో, జపానులో ఒనొడేరా యను వైద్యుడును ఆయన సహచరులును జీర్ణావయవముల రాచపుండు రోగులకొఱకు ఇంకొక లెక్క చెప్పిరి. ఆల్బ్యుమిను అంకెను 10తో హెచ్చవేయవలెను. ఘనమిల్లీమీటరు రక్తములో నున్న లింఫోసైటుల సంఖ్యను 200తో భాగించి దానికి కలుపవలెను. ఒక రోగికి ఆల్బ్యుమిను 3.8, లింఫోసైటులు 1,600 అనుకొందము. 38కి 8 కలిపిన 46. ఇంకొకనికి ఆల్బ్యుమిను 2.9, లింఫోసైటులు 1,000. 29కి 5 కలిపిన 34. మొత్తము 45కు మించినవానికి శస్త్రచికిత్స క్షేమమనియు, 40కి తగ్గినవానికి ప్రేగు కోసి కుట్టుట అపాయకరమనియు వారి అభిప్రాయము. ఈ లెక్క నాకు మిక్కిలి నచ్చును. ఏలయన, ఇది కేవలము జోస్యము కాదు, చేయవలసిన పని గూడ చూపుచున్నది. 34 అంకె వచ్చినవానిని త్రోసివేయుమని దాని యర్థము కాదు. ముందు వానికి తిండి పెట్టుడు, బలము కలిగించుడు, తరువాత కత్తి పట్టుడు అని దాని యర్థము.

మూడవ తరగతి సాక్షులు పుండునుండియే వచ్చినవారు. 1965లో కెనడా దేశపు మాంట్రియలు నగరములో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనువారు సి.ఇ.ఏ. యను పదార్థమును కనుగొనిరి. ఇది గర్భస్థశిశువు ప్రేగులలోను, పెద్దప్రేగు రాచపుండు కండలోను వారికి కనబడినది. 1979లో ఫిలడెల్ఫియాలో కొప్రౌస్కీయు ఆయన సహచరులును సి.ఏ. 19-9 అనుదానిని వెల్లడించిరి. అన్నకోశపు రోగులలో కొందఱి రక్తములో నివి హెచ్చును. శస్త్రచికిత్సకు ముందు మిక్కిలి హెచ్చుగ నున్నచో రోగము వ్యాపించియుండవచ్చునని అనుమానింతురు. చికిత్స తరువాత తగ్గి మఱల క్రమముగ పెరుగుచున్నచో రోగము తిరుగబెట్టుచున్నదేమో యని వెదకుదురు.

అయితే ఈ సాక్షులకును లోపములు కలవు. రోగమున్నను అనేకులలో సి.ఇ.ఏ. పెరుగదు. చుట్టలు, బీడీలు కాల్చువారిలో రాచపుండు లేకున్నను కొంత పెరుగును. పైత్యనాళము మూసికొని కామెరలు వచ్చినచో సి.ఏ. 19-9 పెరుగును. మనుష్యులలో కొందఱు పుట్టుకచేతనే ఆ పదార్థమును తయారుచేయజాలరు. వారికెంత ముదిరినను అంకె పెరుగదు. కావుననే "ఏ రోగమును లేదు గాని అనుమానము తీర్చుకొందము" అని ఈ పరీక్షలు చేయించుకొనుట డబ్బు దండుగ, మనసునకు దిగులు. అన్నకోశపు రాచపుండును కనిపెట్టుటకు గొట్టము దింపి లోపల చూచి, చిన్న ముక్క తీసి పరీక్షించుటయే సరియైన మార్గము.

ఇటీవల ఇంకొక పరీక్షను గూర్చి పత్రికలలో వ్రాయుచున్నారు. చనిపోయిన రాచపుండు కణముల వారసత్వద్రవ్యపు తునుకలు, అనగా డి.ఎన్.ఏ. ముక్కలు, రక్తములో కొట్టుకొనివచ్చుచుండును. రక్తరసములో ఇట్టి ద్రవ్యము కలదని 1948లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మాందెల్, మెతే చూపిరి. శస్త్రచికిత్స యైన తరువాత గూడ ఆ తునుకలు కనబడినచో రోగపు వేరు మిగిలియున్నదని భావింపవచ్చును. ఇది ఆశ గొల్పు మార్గమే గాని ఇంకను పరిశోధన దశలోనే యున్నది, ఖర్చును అధికము.

రక్తములోని ద్రవ్యములను కొలుచు ఈ విద్యలో మన తెలుగువాని చేయియు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే గారితో కలిసి, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును రంగుచేత కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. రంగు ఎంత చిక్కనయైనచో ద్రవ్యమంత యెక్కువ. అట్టి ఓపికగల పనులమీదనే నేటి పరీక్షశాలలు నిలిచియున్నవి.

ఇంతవఱకు సాక్షులను పరిచయము చేసితిని. ఇక సాక్ష్యమును ఎట్లు నమ్మవలెనో చెప్పుటకు నా తప్పిద మొకటి మీముందు ఒప్పుకొనవలసియున్నది.

నేను వైద్యవృత్తిలో ప్రవేశించిన తొలిరోజులలో, గోదావరి ఒడ్డు గ్రామమునుండి అరువదేండ్ల రైతొకడు అన్నకోశపు రాచపుండుతో ఆసుపత్రికి వచ్చెను. వెంట కుమారుడుండెను. దశ చూడగా శస్త్రచికిత్సకు లొంగునట్లే యుండెను. రక్తపరీక్షలో మాత్రము న్యూట్రోఫిలులు 84, లింఫోసైటులు 12; నిష్పత్తి 7. సి.ఆర్.పి. హెచ్చు, ఆల్బ్యుమిను తక్కువ. అప్పుడే క్రొత్తగా చదివిన చదువు నా తలలో గిఱ్ఱున తిరుగుచుండెను. కుమారుని ప్రక్కకు పిలిచి, "రక్తములో గుర్తులు బాగుగా లేవు. కోసినను ఫలితముండునని చెప్పలేను" అంటిని. అతడు మాఱుమాటాడక మూట సర్దుకొన నారంభించెను. తండ్రి యేమియు అడుగలేదు. కొడుకు ముఖము చూచి తానే గ్రహించెను.

ఆ సాయంకాలము మా పెద్ద శస్త్రవైద్యుడు వార్డులోనికి వచ్చి, కాగితము చూచి, రోగిని చూచి, "నాయనా, ఆయన కాలు చూచితివా?" అని నన్నడిగెను. నేను చూడలేదు. పాదమునకు పాతగుడ్డ చుట్టియుండెను. విప్పగా తుమ్మముల్లు గ్రుచ్చుకొని చీముపట్టిన పుండు. చీము పట్టినచోట న్యూట్రోఫిలులు పెరుగక మఱేమి చేయును? సి.ఆర్.పి. హెచ్చక మఱేమగును? నేను రాచపుండు సాక్ష్యమనుకొన్నది చాలవఱకు ముల్లు చెప్పిన సాక్ష్యము. చీము తీసి, మందులిచ్చి, పాలు, గ్రుడ్లు, పలుచని జావ కొంచెము కొంచెముగా దినమునకు ఆఱుమార్లు ఇప్పించితిమి. మూడు వారములకు మఱల రక్తము చూడగా నిష్పత్తి 3కు లోపుగా నుండెను. శస్త్రచికిత్స జరిగెను. ఆ తరువాత ఆఱు సంక్రాంతులు ఆయన నాకు క్రొత్తబియ్యము పంపెను. వానిని పుచ్చుకొనునపుడెల్ల నాకు సంతోషముకంటె సిగ్గే ఎక్కువగా నుండెడిది. ఒక్క పూట ఆలస్యమైనచో ఆయన ఆ బస్సెక్కి వెళ్లిపోయి యుండును.

దీనికి ప్రతిగా ఇంకొకటి చెప్పకున్న నేను మిమ్ము మోసగించినవాడనగుదును. ఒక గృహిణికి అన్ని అంకెలును చక్కగ నుండెను. నిష్పత్తి 2, ఆల్బ్యుమిను 4, సి.ఇ.ఏ. సామాన్యము. ఇంటివారు నిశ్చింతగ నుండిరి, నేనును నుంటిని. ఏడాది తిరుగకముందే రోగము పొట్టలోని పొరకు ప్రాకి ఆమె గతించెను. చెడ్డ అంకె ఉరిశిక్ష కాదు. మంచి అంకె అభయహస్తమును కాదు.

అట్లయిన ఈ అంకెల వలన ప్రయోజనమేమి? మీరు నారు పోయుటకు ముందు విత్తనములను పరీక్షింతురు. తడిగుడ్డలో నూఱు గింజలు మూటగట్టి, మొలకెత్తినవి లెక్కపెట్టుదురు. ఎనుబది మొలచినచో విత్తనము మంచిదందురు. నలుబది మొలచినచో మండె కట్టుటకు తగదందురు. ఆ లెక్క నిజమే. కాని ఒక గింజను వ్రేళ్లమధ్య పట్టుకొని, "ఇది మొలచునా?" అనినచో ఎవరును చెప్పలేరు. రక్తపు అంకెలు ఇట్టివే. నూఱుగురు రోగుల గుంపును గూర్చి అవి నిజము చెప్పును. మీ యింటి మంచముమీద పండుకొన్న ఒక్క మనిషిని గూర్చి అవి ఊహ మాత్రమే చెప్పును. పైగా గింజకు మనము బలము పెట్టలేము, మనిషికి పెట్టగలము.

పంచాయితీ తీర్చు పెద్దలు ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరు. సాక్షి ఎక్కడినుండి చూచెను, వానికి పక్షపాతమేమైన కలదా, తక్కినవారి మాటతో సరిపోవుచున్నదా యని విచారింతురు. ఇచ్చటను అట్లే చేయవలెను. రోగముతో ఎవరైన మీ యొద్దకు వచ్చినచో ఈ క్రింది సంగతులు వైద్యుని అడుగుమని చెప్పుడు.

మొదటిది, రోగము ఏ దశలో నున్నది? అంకెలకంటె ముందు ఈ ప్రశ్న. రెండవది, రక్తము తీసిన దినమున జ్వరము, పుండు, పంటిలో చీము, దగ్గు వంటివి ఏమైన నుండెనా? స్టిరాయిడు మందులు వాడుచుండిరా? అవియు ఈ నిష్పత్తిని పెంచును. అట్టివి యున్నచో తగ్గిన తరువాత పరీక్ష మఱల చేయింపవలెను. మూడవది, ఆల్బ్యుమిను తగ్గుటకు కాలేయరోగముగాని, మూత్రములో మాంసకృత్తు పోవుటగాని కారణమా, లేక తిండి లేకయా? తిండి లేకయైనచో చికిత్సకు ముందు రోగిని బలపఱచుటకు ఏమి చేయవచ్చును? నాల్గవది, రక్తహీనత కలదా? పుండునుండి చాటుగ రక్తము కారుచుండుట ఈ రోగములో సామాన్యము. దానికి ప్రతిక్రియ కలదు. ఐదవది, ఈ అంకె చూచి చికిత్సలో ఏమి మార్చుచున్నారు? ఏమియు మార్చనిచో ఆ పరీక్షకు మఱల మఱల డబ్బు పెట్టుట యెందుకు?

తిండి విషయములో ఒక మాట. రాచపుండు రోగికి బలమైన ఆహారము పెట్టినచో పుండు బలియునను భయము పల్లెలలో కలదు. కొందఱు గ్రుడ్డు, పాలు, పప్పు మాన్పించి వట్టి గంజిమీద నుంచుదురు. ఇది పొరపాటు. పుండు తనకు కావలసినది శరీరమునుండి ఎట్లును లాగుకొనును. తిండి మాన్పినచో శుష్కించునది మనిషి. కొంచెము కొంచెముగ, పలుమార్లు, మెత్తగ, మాంసకృత్తు గల ఆహారము పెట్టవలెను. పొగాకు మాన్పింపవలెను. నడువగలిగినంత నడిపింపవలెను.

అన్నిటికంటె ముఖ్యము ముందుగ పట్టుకొనుట. ఏబదేండ్లు దాటినవారికి క్రొత్తగా అజీర్ణము పట్టుకొని వదలకున్నను, కొంచెము తినగనే కడుపు నిండినట్లున్నను, కారణము లేక బరువు తగ్గుచున్నను, మలము తారువలె నల్లగ పోవుచున్నను, వాంతులు మానకున్నను, సోడాయుప్పుతో కాలక్షేపము చేయక గొట్టపు పరీక్ష చేయింపుడు. హెలికోబాక్టర్ క్రిమి యున్నదని తేలినచో వైద్యుడు చెప్పినన్ని దినములు మందులు మానక వాడుడు.

చివరకు, వసారాలో గుసగుసగ అడుగు ఆ మొదటి ప్రశ్నకు వత్తును. "ఎంతకాలము బ్రతుకును?" అని యడిగినవారికి ఇప్పుడు నేను ఒక అంకె చెప్పను. "ఇట్టి రోగులలో ఎక్కువమందికి ఇట్లు జరుగును; మీవానికి మేలుగ జరుగవచ్చును, కీడుగ జరుగవచ్చును; మనము చేయగలిగినవి యివి" అని చెప్పుదును. ఆపై రోగిని గూడ ఆ మాటలోనికి పిలువుమందును. బ్రతుకు ఆయనది. ఏ పని ముగించుకొనవలెనో, ఎవరిని చూడవలెనో, ఏ చికిత్సకు ఒప్పుకొనవలెనో తెలిసికొనుటకు అందఱికంటె ఆయనకే హక్కు కలదు. నాటి గోదావరి రైతు ఏమియు అడుగక మూట చంకబెట్టుకొని కూర్చున్న తీరు నేటికిని నా కన్నులముందు నున్నది. ఆయనను నేను అడిగియుండవలసినది, కాలైనను చూచియుండవలసినది.

రక్తము మంచి సాక్షియే. దాని మాట వినుడు. తీర్పు మాత్రము దానికి విడిచిపెట్టకుడు.